బోరు పడిందా, కొట్టిందా?

పల్నాడులో ఎవరైనా "మా బోరు..." అని మొదలుపెడితే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని అడుగులు?" అని. రెండోది "ఎన్ని ఇంచీలు?" అని. మూడోది అడగరు, మొహం చూసి తెలుసుకుంటారు. అదే ఊళ్లో, అదే అరుగు మీద, ఇంటర్ చదివే కుర్రాడు ఫోను పక్కన పడేసి "అబ్బా, బోరు!" అంటే మాత్రం ఎవరూ అడుగుల లెక్క అడగరు. "చేలోకి పోరా, పొద్దు పోద్ది" అంటారు. రెండుసార్లూ వినపడింది ఒకటే మాట. ఏ బోరు ఏదో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంగ్లిషులో ఈ మాటకు నాలుగక్షరాలు, మనకు రెండు. ఇంగ్లిషు నిఘంటువు తెరిస్తే మాత్రం ఇది ఒకచోట ఒకే మాటగా ఉండదు. పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి విడివిడిగా ఇస్తారు. రాత ఒకటే అయినా పుట్టుక వేరని, లేదా ఒకటేనని రుజువు లేదని నిఘంటుకారులు అనుకున్నప్పుడు అలా చేస్తారు. ఆ మూడింట్లో రెండు మన ఊళ్లదాకా వచ్చాయి. వచ్చినవాటికి మనవాళ్లు చెరొక క్రియ తగిలించి, ఇంగ్లిషువాళ్లకన్నా శుభ్రంగా విడదీసుకున్నారని నాకనిపిస్తుంది. అదెలాగో చెప్పాలంటే ముందు మొదటి బోరు సంగతి చూడాలి.

మొదటి బోరు అంటే తొలవడం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిషులో దాని రూపం "బోరియన్". వడ్రంగి బర్మా పెట్టి తిప్పి కర్రకు బెజ్జం వేస్తాడే, ఆ పని. జర్మన్లు ఇవాళ్టికీ "బోరెన్" అంటారు. లాటిన్‌లో దీని చుట్టం "ఫొరారె". రశీదు పుస్తకంలో కాయితం చింపడానికి వీలుగా వరసన సన్నటి చిల్లులుంటాయి, వాటిని పెర్ఫొరేషన్ అంటారు. ఆ మాట మధ్యలో కూర్చున్నది ఈ లాటిన్ చుట్టమే. "బ" ఎక్కడ, "ఫ" ఎక్కడ అనిపించొచ్చు. సంస్కృతంలో భ్రాత, ఇంగ్లిషులో బ్రదర్, లాటిన్‌లో ఫ్రాటర్. మూడూ అన్నదమ్ముడి పేర్లే, మూడూ ఒక మూలం నుంచి వచ్చినవే. సంస్కృతంలో "భ"గా నిలిచిన ధ్వని ఇంగ్లిషు వైపు "బ" అయింది, లాటిన్‌లో మాట మొదట్లో "ఫ" అయింది. ఇలాంటి వరసల్ని ఓపిగ్గా పేర్చి చూసే భాషావేత్తలు ఈ భాషల బంధుత్వాన్ని తేల్చారు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. మనకు తొలుచు, తొర్ర, తూటు, బెజ్జం అన్నీ సొంతంగానే ఉన్నాయి.

తొలిచే పనికి పేరైన మాట తర్వాత తొలిచిన చిల్లికి పేరైంది, ఆ పైన చిల్లి వెడల్పుకు పేరైంది. తుపాకి గొట్టం లోపలి వెడల్పును బోరు అనడం అలా వచ్చిందే. ఇక్కడ ఒక తికమక ఉంది. పన్నెండు బోరు తుపాకి గొట్టం పదహారు బోరు తుపాకి గొట్టం కన్నా పెద్దది. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఎందుకంటే ఆ అంకె వెడల్పుది కాదు, గుళ్లది. ఒక పౌను సీసం కరిగించి, గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్రటి గుళ్లు పోస్తే పన్నెండు వస్తే అది పన్నెండు బోరు. గొట్టం వెడల్పు రమారమి 18.5 మిల్లీమీటర్లు తేలుతుంది. పదహారు గుళ్లు రావాలంటే గుండు చిన్నదవ్వాలి, గొట్టమూ చిన్నదవ్వాలి. మరి పోలీసు కేసుల వార్తల్లో కనిపించే ".32 బోరు" సంగతేమిటి? ముందు చుక్క ఉంటే అది గుళ్ల లెక్క కాదు, అంగుళంలో ఎన్నో వంతు అన్న లెక్క. మాట ఒకటే, కొలబద్దలు రెండు. ఎన్నికలొచ్చి లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించాల్సినప్పుడల్లా ఈ రెండు లెక్కలూ ఒకే రిజిస్టర్లోకి ఎక్కుతుంటాయి.

ఇంజను బోరు కూడా వెడల్పు లెక్కే. పిడుగురాళ్ల నుంచి సున్నం, సిమెంటు మోసే లారీలున్నంత కాలం ఆ దారిలో మెకానిక్ షెడ్లకు పని తప్పదు. అక్కడ "బండి బోరుకొచ్చింది" అంటే అర్థం వేరు. సిలిండరులో పిస్టన్ కిందికీ పైకీ ఆడి ఆడి లోపలి గోడ అరిగిపోతుంది. గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు పెరిగి ఇంజనాయిలు పైకి ఎగదన్ని పెట్రోలుతోనో డీజిలుతోనో కలిసి మండుతుంది, వెనక నీలం పొగ వదులుతుంది, బండి ఎత్తు ఎక్కనంటుంది. అప్పుడు సిలిండరును లేతు పనివాడి దగ్గరికి తీసుకుపోయి లోపలంతా సమంగా తొలిపిస్తారు. పాతకన్నా పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద పిస్టన్ వేస్తారు. దాన్ని "బోరు చేయించడం" అంటారు. వేయించడం కాదు, చేయించడం. ఈ తేడా గుర్తుంచుకోండి, దానితో పనుంది.

ఇక నేల బోరు. బోర్‌వెల్ అన్న జంట మాట మన దేశపు ఇంగ్లిషులో పెరిగింది. ఇంగ్లండులో దాన్ని బోర్‌హోల్ అంటారు. తెలుగు పత్రికలు సగం ఇంగ్లిషు, సగం తెలుగు కలిపి "బోరుబావి" అన్నాయి. పాఠ్యపుస్తకాలు "గొట్టపు బావి" అన్నాయి. ఊళ్లో రెండూ అనరు. బావి అంటే మెట్లు దిగేది, మోట తోలింది, ఈతకు దూకింది. దీన్లోకి మనిషి దిగడు, తొంగి చూస్తే నీళ్లు కనపడవు. దీన్ని బావి అనడానికి పల్లెటూరి నోటికి మనసొప్పలేదేమో, ఉత్త "బోరు" అని వదిలేసింది.

పల్నాడులో ఈ మాటకు అంత బరువెందుకు? నాగార్జున సాగర్ పల్నాడు గడప మీదే ఉంది కదా అని దూరపువాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మాచర్ల వైపు నుంచే బయల్దేరి గురజాల, నరసరావుపేట ప్రాంతాలను తడుపుతూ ప్రకాశం వైపు పోతుంది. కానీ కాలువ నీరు వాలుకే పారుతుంది. కాలువ గట్టుకు పల్లాన ఉన్న చేనుకు నీళ్లు, ఎగువన ఉన్న చేనుకు కాలువ చూసుకునే యోగం. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల్లో ఎగువ పొలాలు చాలా ఉన్నాయి. డ్యాముకు కూతవేటు దూరంలో ఉండి వానకోసం మొహం పైకెత్తే ఊళ్లవి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కోసం ఆ ఊళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నది ఇందుకే. 2023 నవంబరులో మాచర్లలో దానికి శంకుస్థాపన కూడా జరిగింది. నీళ్లు పైకి ఎక్కేదాకా వాళ్లకు దిక్కు కిందికి దిగే బోరే.

దిగితే ఏముంది? నాపరాయి. మాచర్ల, దాచేపల్లి నాపరాళ్లు ఇళ్ల అరుగులుగా, వంటింటి గట్లుగా మన జిల్లాలన్నీ తిరిగాయి. అది సున్నపురాయి జాతి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, ఈ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు బతుకుతున్నది ఆ రాతి మీదే. శ్రీనాథుడి పేర చెలామణీలో ఉన్న ఒక చాటువులో పల్నాడు అనగానే రాళ్లూ, నాగులేటి నీళ్లూ కలిసి వస్తాయి. కవి విసుక్కున్నాడని అందరూ నవ్వుకుంటారు గాని, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు దాన్ని సర్వే రిపోర్టులా చదువుకోవచ్చు.

ఇసకలో నీరు అంతటా ఇంకి ఉంటుంది. ఎక్కడ తవ్వినా ఇంచుమించు ఒకే లోతులో తగులుతుంది. నాపరాయిలో అలా కాదు. రాయి ఒళ్లు నీరు పట్టదు. నీళ్లు ఉండేది పొరల మధ్య సందుల్లో, పగుళ్లలో. సున్నపురాయికి ఇంకో గుణం ఉంది. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ పులుపు వేల ఏళ్లపాటు పగులును కరిగించి కరిగించి గుహ చేస్తుంది. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం అలాంటిదే. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకే వెళ్లిపోయాడని ఇక్కడి జనం చెప్పుకుంటారు. లోపల చీకటి గుంటల్లో నీళ్లుంటాయి. యాత్రికులు దిగి స్నానం చేస్తారు. నేల కింద కంటికి కనపడని బుల్లి బిలాలు ఎన్నో ఉంటాయి. బోరు ఆ సందులో పడితే రెండించీల ధార. పది అడుగులు పక్కన పడితే తెల్లటి దుమ్ము. పక్కపక్క చేలల్లో ఒకరికి నీళ్లు పడి ఇంకొకరికి పడకపోతే ఊళ్లో దానికి రకరకాల కారణాలు చెప్పుకుంటారు, దేవుణ్ణీ కర్మనూ మధ్యలోకి లాగుతారు. కారణం రాతి పగులు దారి, అంతే.

బోరు వేయడం ఎప్పుడన్నా దగ్గర నిలబడి చూశారా? ముందు నీళ్లు చూసే మనిషి వస్తాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టి చేనంతా తిరుగుతాడు. అది నిలువుగా లేచినచోట గుర్తు పెడతాడు. వేప పుల్ల వాడేవాళ్లూ ఉన్నారు. దీనికి శాస్త్రం ఒప్పుకున్న ఆధారం ఏదీ లేదు. భూగర్భ జల శాఖవాళ్లు నేలలోకి కరెంటు పంపి, ఎంత లోతులో ఎంత అడ్డం తగులుతోందో కొలిచి పాయింటు చెబుతారు. తడి ఉన్న పగిలిన రాయి కరెంటును కొంచెం తేలిగ్గా పోనిస్తుంది, ఎండు రాయి పోనివ్వదు. ఆ పద్ధతీ ప్రతిసారీ నిజం కాదు. కాని ఎందుకు తప్పిందో కారణం చెప్పగలుగుతుంది, టెంకాయ చెప్పలేదు. అయినా చాలామంది రైతులు రెండూ చూపించుకుంటారు. లక్షల ఖర్చు ముందున్న మనిషి ధైర్యం ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకుంటాడు, వాళ్లను ఎగతాళి చేయబుద్ధి కాదు.

తర్వాత రాత్రిపూట బండి వస్తుంది. బోరు బండంటే రెండు లారీలు. ఒకదాని మీద రిగ్గు, ఇంకోదాని మీద కంప్రెషరు, రాడ్లు. తమిళనాడులో తిరుచెంగోడు అని ఒక ఊరుంది. దేశంలో ఏ మూలకు పోయినా ఆ ఊరి బోరు బండ్లు కనపడతాయి. అందుకే పల్నాటి చేలో అర్ధరాత్రి తమిళం వినపడుతుంది. మట్టి ఉన్నంతవరకు గోడలు కూలకుండా కేసింగు గొట్టం దించుతారు. రాయి తగిలాక కేసింగు ఆపి, ఆరున్నర ఇంచీల బిట్టు, దాని వెనక హేమరు దించుతారు. కంప్రెషరు గాలి రాడ్ల లోపలి నుంచి దిగి హేమరును ఆడిస్తుంది. అదే గాలి రాతి పొడిని పక్క సందులోంచి పైకి చిమ్ముతుంది. చేలో నిలబడ్డవాళ్లంతా ఆ పొడి వంకే చూస్తుంటారు. ముందు ఎర్రగా, తర్వాత బూడిద రంగుగా, తర్వాత సున్నంలా తెల్లగా వస్తుంది. తడి వాసన వస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రైతు రాడ్లు లెక్కపెట్టుకుంటాడు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులైతే పది రాడ్లకు రెండు వందల అడుగులు. రేటు అడుగుకింత అని, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది.

ఒక్కోసారి రాడ్డు ఉన్నట్టుండి జారుతుంది. డ్రిల్లరు "గ్యాపు" అని అరుస్తాడు. నాపరాతి నేలలో ఈ గ్యాపు వరమూ కావచ్చు, పీడా కావచ్చు. నీళ్లున్న సందైతే నురగలు కక్కుతూ ధార ఎగుస్తుంది. ఎండు గుహ అయితే గాలంతా దాన్లోకి పోతుంది, పొడి పైకి రాదు, రాడ్లు ఇరుక్కుంటాయి. చివరికి గాలి ఆపి, పారే నీళ్లు చూసి ఇంచిన్నర, రెండు, రెండున్నర అంటారు. గొట్టం నిండా పారే ధారను కొలిచే ఊరి కొలత అది. మోటారు దించాక నిలిచే లెక్క వేరు, మొదటిరోజు లెక్క వేరు అని అనుభవమున్నవాళ్లకు తెలుసు. నీళ్లు పడ్డా అవి సున్నపు నీళ్లే కాబట్టి పప్పు తొందరగా ఉడకదు, కాగు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది.

ఇప్పుడు క్రియలు చూడండి. బోరు "వేయించాం", బోరు "దించాం". నీళ్లొస్తే బోరు "పడింది". రాకపోతే "ఫెయిలైంది". నడిచి నడిచి ఆగితే "ఎండింది". గోడలు జారితే "కూలింది", "పూడింది". ఇందులో "పడింది" అన్నది నాకు చాలా ఇష్టమైన వాడుక. మామూలుగా పడడం మంచిది కాదు కదా. కాని వాన పడుతుంది, లాటరీ పడుతుంది, బోరు పడుతుంది. మన చేతుల్లో లేకుండా పైనుంచి వచ్చే వాటన్నిటికీ తెలుగు ఈ క్రియే వాడుతుంది. కిందినుంచి వచ్చే నీళ్లకు కూడా దాన్నే వాడడంలో రైతు తన అవస్థ ఎక్కడుందో చెప్పకనే చెప్పాడు.

ప్రభుత్వం కూడా ఈ మాట వెంట చాలా దూరం నడిచింది. 1996లో వచ్చిన భూగర్భ జల చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి గాని బోరు గాని వేయకూడదని ఉండేది. 2002లో వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. బోరు వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, రిగ్గు యజమానులు నమోదు చేసుకోవాలి. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తొలి సంతకం పెట్టిన ఉచిత విద్యుత్తు అసలు ఎవరికి ఉపయోగం? మోటారు ఉన్నవాడికి, అంటే చాలా చోట్ల బోరు ఉన్నవాడికి. ఒక చట్టం బోర్లను అదుపు చేయమంటుంది, ఒక పథకం వాటిని నడిపిస్తుంది. రెండూ ఒకే రైతు కోసమే. అందుకే వాల్టా కాయితం మీద గట్టిగా, చేలో మెత్తగా ఉంటుంది.

ఎండిన బోర్ల సంగతి ఇంకా ఘోరం. మోటారు, కేసింగు పీకి అమ్ముకున్నాక మిగిలేది ఆరున్నర ఇంచీల నల్లటి నోరు. 2017 ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల పిల్లాడు అలాంటి దాన్లో పడ్డాడు. పక్కన సమాంతరంగా గొయ్యి తవ్వి, గంటల తరబడి శ్రమపడి, అర్ధరాత్రి దాటాక పిల్లాణ్ణి ప్రాణాలతో బయటికి తీశారు. దేశంలో ఇలా పడ్డ పిల్లలందరికీ ఆ అదృష్టం లేదు. సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది: బోరు వేయడానికి పదిహేను రోజుల ముందే అధికారులకు రాసివ్వాలి, పని జరిగేటప్పుడు చుట్టూ కంచె వేయాలి, కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, మూత బిగించాలి, వదిలేసిన బోరును మట్టి, ఇసక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. పూడ్చడానికయ్యే ఖర్చు వేయడానికయ్యే ఖర్చులో ఒక మూలకు రాదు.

చేతిపంపుకు "బోరింగు" అన్న పేరూ ఈ దారిలోనే వచ్చింది. 1970లలో యునిసెఫ్ సాయంతో మన దేశంలోనే రూపు దిద్దుకున్న ఇండియా మార్క్-2 పంపు ఊరూరా నిలబడింది. పంపు కింద ఉన్న బోరు పనికి ఇంగ్లిషులో ఉన్న పేరు పైన ఉన్న పంపుకు అంటుకుంది. "బోరింగు కాడికి పోయి బిందె తే" అంటే ముసలమ్మకు అర్థమైనట్టు, "సినిమా బోరింగ్‌గా ఉంది" అంటే అర్థం కాదు. మనవరాలికి తారుమారు.

ఆ మనవరాలి బోరు రెండో మాట. విసుగు పుట్టించడం, విసుగు పుట్టించే మనిషి. ఇది ఇంగ్లిషులో కూడా చాలా కొత్తది. తొలిచే బోరుకు వెయ్యేళ్లు దాటితే, విసుగు బోరు 1760లలో గాని రాతలో కనపడదు. 1768లో కార్లైల్ ప్రభువు రాసిన ఒక ఉత్తరంలో ఫ్రెంచివాళ్ల వల్ల తన స్నేహితులకు కలగబోయే బాధకు ఈ మాట వాడాడు. లండన్ దొరల గోష్ఠుల్లో అదొక కొత్త ఫ్యాషను మాట. ఆ తర్వాత శతాబ్దంలో డికెన్స్ "బ్లీక్ హౌస్" నవలలో, ఏ పనీ లేక కుంగిపోయే ఒక పెద్దింటి దొరసానికి ఈ మాటను బాగా అంటగట్టాడు. 1852లో ఆ నవల సీరియల్‌గా మొదలైంది. పనిపాటలున్నవాళ్ల మధ్య కాక, పొద్దు గడవని కలిగినింటివాళ్ల మధ్య ఈ మాట పుట్టిందన్న సంగతి గమనించాలి.

మరి ఇది తొలిచే బోరు నుంచే వచ్చిందా? చెవి తొలిచేస్తున్నాడు, బుర్ర తొలిచేస్తున్నాడు అని మనమూ అంటాం కదా, అలాగే అయ్యుంటుందని ఎవరికైనా తోస్తుంది. చాలామంది అదే నమ్ముతారు. కాని నిఘంటుకారులు ఒప్పుకోవడానికి జంకుతారు. తొలిచే అర్థం నుంచి విసుగు అర్థానికి మెల్లగా జారినట్టు చూపించే మధ్య మెట్లు పాత రాతల్లో దొరకలేదు. మాట ఒక్కసారిగా, ఫ్రెంచివాళ్ల ప్రస్తావనతో కలిసి కనపడడంతో, ఫ్రెంచిలో దూది కుక్కడానికి వాడే "బూర్" అన్న మాటతో సంబంధం ఉండొచ్చని కొందరు ఊహించారు. అదీ రుజువు కాలేదు. నిఘంటువులో దానికి వేరే అంకె వేసింది అందుకే. వినడానికి బాగుందని ఏ కథనూ వ్యుత్పత్తిగా ఒప్పుకోకూడదు, అది మన మాటలకూ వర్తిస్తుంది.

తెలుగులోకి మొదటి బోరు లారీ ఎక్కి చేలోకి వస్తే రెండోది కాలేజీ మెట్లు ఎక్కి వచ్చింది. వచ్చిన చోట "కొట్టు" అన్న క్రియను పట్టుకుంది. "నాకు బోరు కొడుతోంది." ఇంగ్లిషులో విసిగినవాడు వాక్యానికి కర్త. తెలుగులో వాడు "నాకు" అని పక్కన నిలబడతాడు, బోరే వచ్చి కొడుతుంది. ఆకలి, నిద్ర, చలి అన్నీ మనకు అలాగే వస్తాయి. కంపు కొడుతుంది, ఎండ కొడుతుంది. మే నెలలో రెంటచింతల వెళ్లినవాళ్లకు ఎండ కొట్టడమంటే ఏమిటో వ్యాకరణం అక్కర్లేకుండానే తెలుస్తుంది. బోరు కూడా అలా ఒంటికి తగిలే వాటిలో చేరిపోయింది.

అంటే నేల బోరుకు వేయించు, పడు. ఇంజను బోరుకు చేయించు. విసుగు బోరుకు కొట్టు. మాట ఒకటే అయినా క్రియ రాగానే అనుమానం తీరిపోతుంది. ఇంగ్లిషులో ఈ సదుపాయం లేదు, ముందూ వెనకా చూసుకోవాల్సిందే. మనకూ ఒక్కచోట గట్టు తెగింది. కొన్ని ఊళ్లలో బోరు వేయించడాన్ని "కొట్టించడం" అని కూడా అంటారు. "వాడు రాత్రంతా బోరు కొట్టించాడు" అంటే చేలోనా, అరుగు మీదా అని అడగాల్సి వస్తుంది.

విసుగు బోరు వచ్చాక పోయినవి కూడా చెప్పుకోవాలి. పాత తెలుగులో ఈ అవస్థ ఒకటి కాదు. చేయడానికి పని లేకపోతే "తోచడం లేదు" అనేవాళ్లు. కాలం కదలకపోతే "పొద్దు పోవడం లేదు". చెప్పిందే చెబుతుంటే "విసుగు". ఎక్కువై ఇక వద్దనిపిస్తే "మొహం మొత్తింది". ఇష్టమైనదే రోత పుడితే "వెగటు". ఉపన్యాసం వినలేకపోవడమూ, సెలవుల్లో ఏమీ తోచకపోవడమూ, మూడుపూటలా పప్పే తినడమూ మనిషికి ఒకే రకమైన బాధ కాదు. ఇప్పుడు మూడింటికీ "బోరు" చాలు. పరాయి మాట వచ్చిందని నాకేమీ కష్టం లేదు, నేల బోరును ఎవరు కాదంటారు? కాని అది లేని వస్తువుకు పేరుగా వచ్చింది. ఇది ఉన్న అయిదింటి చోట కూర్చుంది. రెంటినీ ఒకే తక్కెట్లో తూచలేం.

కొన్ని మాటలు దీని చుట్టాల్లా కనపడతాయి గాని కావు. బోరుమని ఏడవడం తెలుగే. పెద్ద పెట్టున వచ్చే ఏడుపు చప్పుడును అనుకరించిన మాట. బోరు ఎండిన రైతు బోరుమన్నాడని రాయడం శీర్షికలు పెట్టేవాళ్లకు మహా సరదా. ఆ ప్రాసకు మించి రెండు మాటలకూ సంబంధం లేదు. బోర్లా పడడం, బోర విరుచుకోవడం కూడా మన సొంతమే. "బొరియ"ను చూస్తే మాత్రం ఎవరైనా మోసపోతారు. ఎలుక, పంది కొక్కు తొలిచే చిల్లి అది. అర్థం, ధ్వని రెండూ దగ్గరగా ఉన్నాయి. అయినా ఇంగ్లిషువాడు రాకముందు నుంచీ మన చేలల్లో ఉన్న మాటే. రెండు భాషల్లో లక్షల మాటలున్నప్పుడు కొన్ని ఊరికే కలుస్తాయి.

మూడో బోరు మన దాకా రాలేదు. సముద్రం పోటు మీదున్నప్పుడు నది ముఖద్వారంలోంచి గోడలా పైకి ఎగబాకే అలను కూడా ఇంగ్లిషులో బోర్ అంటారు. పాత నార్స్ భాషలో అలకున్న పేరు నుంచి వచ్చిందని భావిస్తారు. ఇంగ్లండులో సెవెర్న్ నదిలో, మన దేశంలో హుగ్లీలో వస్తుంది. పోటు ఎత్తు బాగా ఎక్కువగా ఉండి, నది నోరు గరాటులా లోపలికి సన్నబడాలి. మన తీరంలో ఆటుపోట్ల ఎత్తు అంత ఉండదు కాబట్టి కృష్ణ దాన్ని ఎరగదు, తెలుగుకు ఆ మాటతో పని పడలేదు.

ఇక పది చదివే పిల్లల్ని తరచూ తికమకపెట్టేది ఇంకోటుంది. ఇంగ్లిషు పాఠంలో ఒక స్త్రీ కష్టాన్ని "బోర్" చేసిందనో, చెట్టు పళ్లను "బోర్" చేసిందనో వస్తే, నిఘంటువులో బోర్ దగ్గర వెతికి లాభం లేదు. అది "బేర్" అన్న క్రియకు భూతకాలం. మోయడం, ఓర్చుకోవడం, కాయలు కాయడం దాని అర్థాలు. చిల్లితోనూ విసుగుతోనూ దానికి సంబంధం లేదు. మనకు మాత్రం సంబంధం ఉంది. బేర్ అన్నది సంస్కృతంలో మోయడానికున్న "భృ" ధాతువుకు సోదరి. ఇందాక భ్రాత, బ్రదర్ అనుకున్నామే, అదే "భ", "బ" వరస. ఆ ధాతువు నుంచి మనం తెచ్చుకున్నవే భారం, భరించడం.